తిరగరాత

మార్చి 3, సోమవారం

భోజనాల దగ్గర మా మనవరాలు కందిరీగ కొత్త సంగతి ఎత్తింది. ఎడమచేతి మణికట్టు మీద పచ్చబొట్టు వేయించుకుంటుందట.

పచ్చబొట్టు అని నేను అంటున్నాను. "టాటూ, నానమ్మా" అని దిద్దింది. పేరు ఏదైనా సూదితో గుచ్చి రంగు దించడమే కదా.

అదీ మామూలు బొమ్మ కాదట. మన ఇంటి చిహ్నమట. రాజుల కోటల మీద ఉంటుందే, డాలు, కిరీటం, రెండు పక్కలా సింహాలు, కింద ఒక ముక్క రాసి ఉంటుందే, అలాంటిదట.

"మనం ఏ రాజ్యం ఏలామే?" అన్నాను.

"రబ్బరు స్టాంపుల రాజ్యం" అన్నాడు మా వాడు, నోట్లో ముద్ద పెట్టుకుంటూ. "సామంతులు కూడా ఉన్నారు. ఇంకు ప్యాడ్లు."

అప్పటికే గీసుకొచ్చి పెట్టుకుంది. కాగితం నా కంచం పక్కకు జరిపింది. ఒక సింహం ముందుకాలితో స్టాంపు పిడి పట్టుకుని నిలబడి ఉంది. సింహం పిల్లిలా ఉంది. జూలు ఉంది కాబట్టి తడిసిన పిల్లిలా ఉంది. పిడి సింహం కంటే పొడుగు.

"అసలు మన ఇంట్లో సింహం ఎవరు?" అని అడిగాను.

ముగ్గురూ తలెత్తి నన్నే చూశారు. కోడలు చప్పున తల దించుకుని నీళ్లు తాగింది. తాగుతూ పొలమారింది. నవ్వు ఆపుకుంటూ తాగితే పొలమారక ఏమవుతుంది.

కుదరదని చెప్పేశాను. కాగితం మీద తప్పు పడితే అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఒప్పు రాసి, సంతకం చేయవచ్చు. ఒంటి మీద కొట్టివేత ఉండదు. కొట్టివేతకు చోటు లేని చోట రాయకూడదు. షాపు లెక్కలు రాసినన్నాళ్లూ నేను పాటించింది అదే.

మార్చి 4, మంగళవారం

చిహ్నం సంగతి అది ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సింహం కాగితం మాత్రం బల్ల మీదే ఉంది.

మార్చి 6, గురువారం

మధ్యాహ్నం కోడలు కుట్టుమిషను దగ్గర ఎవరిదో కోటుకు లైనింగు వేస్తోంది. నేను గుండీలు రంగుల వారీగా ఏరుతున్నాను. తలెత్తకుండానే చెప్పింది.

"అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి. దాని నాన్న ఫోన్ చేశాడు."

"ముందుగదిలోనే ఉన్నాడుగా, ఫోనెందుకు? కేకేస్తే సరిపోదూ?"

"ఈ నాన్న కాదు."

మిషను ఆగింది. గుండీలు ఏరడం నేను ఆపలేదు.

కందిరీగను కన్న మనిషి. అది ఆరేళ్ల పిల్లగా తల్లి వెంట ఈ ఇంటికి వచ్చాక అతని సంగతి ఈ గోడల మధ్య వినబడలేదు. తాగుడు మానేసి చాలా ఏళ్లయిందట. పగలంతా బస్సులో వెళ్లాల్సినంత దూరంలో లారీల వర్క్‌షాపు పెట్టుకున్నాడట. పెద్దదేనట. లెక్కలు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలట. పంపమని తల్లిని అడగలేదు. వస్తావా అని పిల్లనే అడిగాడట.

"మర్యాదగానే అడిగాడు అత్తయ్యా. నేనూ విన్నాను."

అదే తిరకాసు. అరిచి అడిగినవాడికి జవాబు చెప్పడం తేలిక.

"మరి అదేమంది?"

"టాటూ వేయించుకున్నాక చెప్తానంది."

అయితే ఆ తడిసిన పిల్లి వెనక కథ ఇది.

నాకేముంది? ఇరవై ఏళ్ల పిల్ల. జమా ఖర్చులు వేలు పట్టి నేర్పింది నేను. షాపు పుస్తకాలు దాని చేతిలో పెట్టి కళ్లకు విశ్రాంతి ఇద్దామనుకున్నాను, అంతే. ఆ చదువు లారీల షెడ్డుకు పనికొస్తే మంచిదేగా.

నల్ల గుండీల్లో ముదురు నీలివి కలిసిపోయాయి. మళ్లీ మొదటినుంచి ఏరాను.

మార్చి 8, శనివారం

సింహాన్ని తీసేసి గ్రాఫు కాగితం మీద కొత్తగా మొదలుపెట్టాను. ఆసక్తి ఉండి కాదు. ఎలాగూ వేయించుకుని తీరుతుంది. తప్పు బొమ్మ ఒంటికెక్కితే దాన్ని రోజూ చూడాల్సింది నేను. ఇంట్లో ఉంటే చూస్తాను. ఎక్కడ ఉంటే అక్కడి వాళ్లు చూస్తారు.

డాలు వద్దన్నాను. "యుద్ధం ఎవరితో?" అంటే, "కస్టమర్లతో" అన్నాడు మా వాడు. కిరీటం కూడా వద్దన్నాను. కోడిగుడ్డులా కోలగుండ్రంగా ఒక గీత గీసి దగ్గర పెట్టుకున్నాను. స్టాంపుల్లో నాకు మొదటినుంచీ ఇష్టమైన ఆకారం అదే. మూలలు ఉండవు కాబట్టి అరగదు.

కందిరీగ వెనకనుంచి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది.

"వద్దన్నావుగా నానమ్మా?"

"ఇప్పుడూ వద్దనే అంటున్నాను. గడ్డం తియ్యి, గీత వంకరపోతుంది."

తియ్యలేదు. గీత వంకరపోలేదు.

మార్చి 11, మంగళవారం

ఆ పచ్చబొట్ల గది చూడకుండా పిల్లను పంపేది లేదన్నాను. మందుల షాపు మేడ మీద ఉంది. మెట్లు ఇరుకు, గది మాత్రం శుభ్రం. వేసేది ఒక అమ్మాయి. గుండు. రెండు చేతులా మెడదాకా తీగలు, చేపలు, ఏవేవో.

"ఒక్కో సూది ఎంతమందికి వాడతావమ్మా?"

"ఒక్కరికే, అమ్మగారూ."

"చూపించు."

పొట్లం విప్పకముందే తీసుకుని పైన తారీఖు చదివాను. చేతి తొడుగులు చూశాను. చెత్తబుట్ట మూత ఎత్తి చూశాను.

"మీరు ఇన్‌స్పెక్టరా?" అంది ఆ అమ్మాయి.

"కాదు. నానమ్మని."

"అదింకా పెద్ద పోస్టు" అంది. పిల్ల మంచిదే.

గీతకూ గీతకూ మధ్య సందు తక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ రంగు పాకి రెండూ ఒకటైపోతాయట. రబ్బరు మీద కూడా అంతే అని చెప్పాను. ట్రేసింగ్ కాగితం మీద గీసి ఇస్తే చాలు, మనం ఎలా గీస్తే అలాగే చర్మం మీద దించుతానంది. సరేనన్నాను.

"మీకూ ఒకటి వేసేదా? తగ్గించి తీసుకుంటా."

"నా చర్మం నలిపి పారేసిన కాగితం తల్లీ. ఏం రాసినా విప్పి చదువుకోవాలి."

మెట్లు దిగేటప్పుడు కందిరీగ నా మోచెయ్యి పట్టుకుంది. "అయితే ఒప్పుకున్నట్టేనా?"

"తనిఖీ చేశాను. ఒప్పుకోలేదు."

మార్చి 13, గురువారం

ఇంట్లో మనిషికొక గుర్తు ఉండాలంది. వాళ్ల తాతయ్యకు రబ్బరు చెక్కే చాకు. నాన్నకు కళ్లజోడు. అమ్మకు సూదీ దారం. నాకు స్కేలు. ("గీత గీయడానికా, కొట్టడానికా?" అని మా వాడి అనుమానం.) తనకు కందిరీగ.

అన్నీ గీశాను. ఆ గుండ్రంలో ఇమిడేలా కొలిచి మరీ గీశాను. కోడలు చూసి, "సంతలా ఉంది అత్తయ్యా. నా సూది వెళ్లి ఆయన కంట్లో గుచ్చుకుంటోంది" అంది. నిజమే.

కళ్లజోడు చూపించి కందిరీగను అడిగాను. "మీ నాన్నది కాస్త పెద్దది చేయనా?"

"ఏ నాన్నది?" అంది.

అనేసి నాలుక కరుచుకుంది. మా వాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. తన టీ కప్పు తీసుకుని షాపులోకి వెళ్లాడు. కప్పు ఖాళీ అని నాకు కనబడుతూనే ఉంది.

"అయితే లారీ బొమ్మ కూడా వేయమంటావా?" అన్నాను. ఎందుకన్నానో.

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకోలేదు. "వేయాలో వద్దో నాకే తెలియట్లేదు నానమ్మా" అంది. ఆ గొంతు నాకు కొత్త. దానికి తెలియనిది ఉందని అది ఒప్పుకోవడం ఇదే మొదలు.

మార్చి 14, శుక్రవారం

కళ్లజోడు తీసేశాను. సూది, చాకు, స్కేలు తీసేశాను. కందిరీగ ఒక్కటే మిగిలి దిక్కులు చూస్తోంది. దాన్నీ తీసేశాను.

మార్చి 16, ఆదివారం

షాపు మూసి ఉంది. నలుగురం అందులోనే కూర్చున్నాం. బొమ్మలు వద్దనుకున్నాక ఇక ముక్క ఏదో తేలాలి.

గోడమీద నమూనా బోర్డు ఉంది. షాపు మొదలైనప్పటినుంచి చేసిన స్టాంపుల ముద్రలన్నీ వరసగా ఉంటాయి. మా వాడు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.

"'నకలు'. వద్దు. 'రద్దు'. అసలే వద్దు. 'అత్యవసరం'. ఇది పెడదాం, అమ్మ గుణం కూడా ఇదే. 'తిరిగి సమర్పించుము'. ఇది కూడా అమ్మే."

"'నోరు మూయుము' అని ఉందా చూడు" అన్నాను.

కందిరీగ లేచి వెళ్లి బోర్డు కింది వరసలో ఒకదాని మీద వేలు పెట్టింది.

'అందినది.'

ఆఫీసులకు వచ్చిన ప్రతి ఉత్తరం మీదా వేసే స్టాంపు. మేము చేసినవాటిలో ఎక్కువ అమ్ముడైంది, ఎవరూ తలెత్తి చూడనిది.

అది ఈ ఇంటికి వచ్చిన రోజు షాపు బల్ల కిందకు దూరి కూర్చుంది. బయటికి రమ్మంటే రాదు. అప్పటికి వాళ్ల తాతయ్య ఉన్నారు, ఆయన చెయ్యి చాచారు. కరిచింది. రక్తం వచ్చేలా కరిచింది. "ఓరి, కందిరీగ!" అని ఆయన నవ్వుతూ నేలమీద చతికిలబడ్డారు. ఆ పేరు అప్పటినుంచే. కాసేపటికి అదే చెయ్యి బయటికి పెట్టింది, మళ్లీ కరవడానికో ఏమో. ఆయన ఆ చేతి వెనక స్టాంపు నొక్కారు. ఏంటిది అని అడిగింది. "నువ్వు మాకు చేరినట్టు రసీదు" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే వచ్చి చెయ్యి చాపేది, మళ్లీ వెయ్యమని.

ఆ అక్షరాలు నావి. చెక్కడం ఆయన పని, అక్షరం నా పని. ఎందుకంటే ఆయన్ను వదిలేస్తే 'అంధినది' అని చెక్కేవారు. స్టాంపు మీద అక్షరం తిరగబడి ఉండాలి, అప్పుడే కాగితం మీద తిన్నగా పడుతుంది. అందుకని నేను ట్రేసింగ్ కాగితం మీద తిరగరాత రాసి ఇచ్చేదాన్ని, ఆయన దాని వెంట చాకు నడిపేవారు. ఇప్పుడు లేజర్ మెషిన్ దానంతటదే తిప్పుకుంటుంది. అయినా ఈ ఇంట్లో తిన్నరాతా తిరగరాతా చదవడంలో తేడా లేదు. కందిరీగ అక్షరాలు దిద్దింది ఈ బల్ల మీదే, రెండు వైపులనుంచీ. కోడలొక్కతే ఆ విద్య జోలికి రాలేదు. చూస్తే కళ్లు తిరుగుతాయంటుంది.

"ఇది చాలు నానమ్మా" అంది కందిరీగ. "ఇదొక్కటే."



మార్చి 18, మంగళవారం

గుండ్రని గీత మధ్యలో 'అందినది'. అంతే బొమ్మ. అయితే ఎంత చిన్నదైతే అంత జాగ్రత్త కావాలి. నిన్న గీసినదానిలో సున్న మరీ చిన్నది, రంగు పాకితే పూడిపోతుంది. ఇవాళ పొద్దున గీసినదానిలో 'న' పొట్ట లావు. మధ్యాహ్నం గీసినదానిలో రెండు 'ది'లూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి కాని కవలల్లా లేవు.

"నానమ్మా, ఇది తొమ్మిదోది. మొదటిదానికీ దీనికీ తేడా నాకు కనబడట్లేదు."

"కనబడకపోవడమే తప్పు."

కాసేపు బల్ల అంచు గీకింది. "మళ్లీ ఫోన్ చేశాడు."

"ఏమన్నావు?"

"మా నానమ్మ ఇంకా గీస్తోంది అన్నాను."

"దానికేమన్నాడు?"

"'తొందరేం లేదు, గియ్యనీ' అన్నాడు."

మంచివాడిలాగే ఉన్నాడు. అది నాకు బొత్తిగా నచ్చలేదు.

మార్చి 19, బుధవారం

పదోది గీస్తుంటే కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో పని లేకుండా కూర్చుంది. ఆ మనిషి అలా కూర్చోదు.

"అత్తయ్యా, మీరు గీయట్లేదు."

"మరి నా చేతిలో ఉన్నదేంటి, చీపురా?"

"ఆపుతున్నారు. ఇది అయిపోతే అది జవాబు చెప్పాలి. అందుకని మీరు దీన్ని అవ్వనివ్వట్లేదు."

పెన్సిల్ చెక్కుకున్నాను. ములుకు విరిగింది. మళ్లీ చెక్కుకున్నాను.

"నాకు మాత్రం ఉండదా? కన్నదాన్ని. అది వెళ్తే నాకంటే మీకే ఎక్కువ కష్టమని కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను, పూర్తి చేసెయ్యండి. లోపలికీ రానివ్వకుండా బయటికీ పోనివ్వకుండా దాన్ని గుమ్మంలో నిలబెట్టకండి. కాళ్లు లాగుతాయి పిల్లకి."

ఈ మధ్య కోడలికి నోరు ఎక్కువైంది.

మార్చి 20, గురువారం

కోడలు అన్నది నిజం కాదు. రెండో 'ది' మీద గుడి నిజంగానే సరిగా లేదు.

మార్చి 21, శుక్రవారం

గుడి సరిగానే ఉంది.

మార్చి 22, శనివారం

మధ్యాహ్నం పడుకోలేదు. బల్ల తుడిచి, ట్రేసింగ్ కాగితం నాలుగు మూలలా అంటించి, ఆయన చెక్కే బల్లకు పక్కన నా పాత కుర్చీలోనే కూర్చున్నాను. పెన్సిల్ పట్టుకున్నాక మళ్లీ కింద పెట్టింది గుండ్రం కలిసిన తర్వాతే. ఒక్కచోట కూడా చెరపలేదు. ఇంత నిమ్మళంగా ఈ చెయ్యి పని చేసి ఎన్నాళ్లయిందో.

కందిరీగకు ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"తాతయ్య ఇప్పుడు చాకు పట్టుకుని వచ్చి కూర్చుంటాడేమో అన్నట్టుంది నానమ్మా."

మా వాడు కళ్లజోడు పైకి నెట్టి, "అచ్చం పాతదే" అన్నాడు.

భద్రంగా అట్టల మధ్య పెట్టించాను.

మార్చి 25, మంగళవారం

జరిగింది వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

మేడ మీద గదికి వెళ్లాం. గుండు అమ్మాయి నా కాగితం మీది గీతలను ఊదారంగు కాగితంలోకి ఎక్కించి, పిల్ల మణికట్టు మీద అద్దింది. గీత పడింది. "ఇలాగేనా అమ్మగారూ?" అని అడిగింది. భూతద్దం తీసి అక్షరం అక్షరం చూశాను. "ఇలాగే" అన్నాను. "బాగా చూసుకోండి, ఒకసారి పడితే పడినట్టే" అని మళ్లీ అడిగింది. "నేను జీవితమంతా ప్రూఫులు చూసినదాన్నమ్మా" అన్నాను. కందిరీగ కూడా చూసి తలూపింది.

సూది మొదలుపెట్టగానే దాని కుడిచెయ్యి పట్టుకున్నాను.

"నొప్పిగా ఉందా?"

"సూది ఫర్వాలేదు. నీ గోళ్లే."

ఇంటికి వచ్చాం. మా వాడు చూసి, "బ్రహ్మాండం" అన్నాడు. కోడలు చెయ్యి తడిగుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, పిల్ల మణికట్టు దీపం కిందకు లాగి చూసింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది.

"అత్తయ్యా, ఈ 'అ' చివరికెళ్లి కూర్చుందేంటి?"

"ఎక్కడ?"

"ఇదంతా వెనక్కుంది కదా! మీకెవరికీ కనబడట్లేదా?"

మా వాడు కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు. "అయ్యో" అన్నాడు.

తిరగరాత. మొత్తం అన్ని అక్షరాలూ తిరగరాత. గ్రాఫు కాగితం మీద పదిసార్లు తిన్నగా రాసినదాన్ని, ట్రేసింగ్ కాగితం ముందుకు రాగానే తిప్పి రాశాను. చెయ్యి దానికి తెలిసిన పని అది చేసుకుపోయింది. పక్కన ఆయన కూర్చుని ఉన్నట్టు, రాసి ఇస్తే అందుకుంటారన్నట్టు. నేను చూశాను, పిల్ల చూసింది, మా వాడు చూశాడు. ముగ్గురికీ తిన్నగానే కనబడింది.

గుండు అమ్మాయికి ఫోన్ చేయించాను. "అద్దంలో చూసుకోవడానికి అలా వేయించుకునేవాళ్లు ఉంటారు అమ్మగారూ. అందుకే రెండుసార్లు అడిగాను" అంది. అడిగింది. నిజమే.

ప్రూఫు మీద నా సంతకం పడ్డాక తప్పు స్టాంపు ఏదీ మా గుమ్మం దాటలేదు. దాటే మొదటిది ఈ పిల్ల.

స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి కందిరీగ ఏదో చేస్తోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తలుపు బయటికి తెలియలేదు. తట్టే ధైర్యం లేకపోయింది.

మార్చి 26, బుధవారం

పొద్దున్నే టీ పట్టుకుని నా గదికి వచ్చింది. నవ్విందట. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుందట.

"డబ్బు నేనిస్తాను. లేజరుతో తీసేస్తారట. మీ నాన్న కనుక్కున్నాడు" అన్నాను.

"ఎందుకు తియ్యాలి?"

"తప్పు కాబట్టి."

"తప్పెక్కడుంది నానమ్మా? కాగితం మీద తిన్నగా ఉంటుంది. స్టాంపు మీద ఎప్పుడైనా తిన్నగా ఉందా?"

"నువ్వు స్టాంపువా?"

"మరి ఎప్పటికీ కాగితాన్నేనా? ఆరేళ్లప్పుడు కాగితాన్ని. తాతయ్య నా మీద వేశాడు. ఇప్పుడు పిడి నా చేతిలో ఉంది." మణికట్టు నా మొహం ముందు ఆడించింది. "తిన్నగా రాసి ఉంటే మామూలు టాటూ. ఇది మన షాపుది. ఇలాంటిది ఇంకెవరి ఇంట్లో అవుతుంది చెప్పు?"

టీలో చక్కెర ఎక్కువైందని చెప్పాను.

మంచం చివర కూర్చుంది.

"ఆయనకు ఫోన్ చేశాను. వస్తున్నానని చెప్పాను."

కప్పు కింద పెట్టాను.

"ఎన్నాళ్లు?"

"ఒక ఏడాది. పుస్తకాలన్నీ సరిచేసి, ఎవరికైనా నేర్పి వస్తా."

"రాకపోతే?"

"రాకుండా ఉండగలనో లేదో నాకే తెలీదు." నా దుప్పటి కుచ్చులు అల్లుతోంది. "ఆయనెవరో నాకు తెలియాలి నానమ్మా. గొంతు విన్నాను, మొహం గుర్తు రావట్లేదు. తెలియాలంటే వెళ్లాలి. వెళ్తే ఎటు కొట్టుకుపోతానో అని భయమేసింది. అందుకే ముందు ఇక్కడిదాన్నని రాసుకుని అప్పుడు వెళ్దామనుకున్నా."

"నీకూ భయమా?"

"కందిరీగైతేనేం, దానిదీ ప్రాణమే కదా."

దానికి జ్వరం వచ్చినప్పుడు చేసినట్టు నుదుటి మీద చెయ్యి వేశాను. జ్వరం లేదు. కాసేపు ఉంచాను.

"అక్కడ ప్రతి బిల్లునూ వోచరుతో సరిచూడు. నోటిమాట నమ్మకు" అన్నాను.

"ఆయన మాట కూడానా?"

"మనిషిని చూసి నమ్ము. బిల్లును చూడకుండా నమ్మకు."

బయటికి వెళ్తూ షాపులోకి కేకేసింది. "నాన్నా! రేపు పొద్దున నన్ను బస్టాండులో దింపుతావా?" మా వాడు కళ్లజోడు తుడుచుకుంటున్నాడని కోడలు చెప్పింది. అంత మురికి ఏం పట్టిందో.

మార్చి 27, గురువారం

వెళ్లింది.

కోడలు మధ్యాహ్నం భోజనానికి నాలుగు కంచాలు పెట్టింది. నేనే ఒకటి తీశాను.

మార్చి 30, ఆదివారం

పక్కగుడ్డలు మార్చే రోజు. దాని గదిలోవి కూడా తీశాను; మనిషి లేదని దుమ్ము పట్టనివ్వకూడదు.

దుప్పటి నీటుగా పరిచి ఉంది. అది అంత నీటుగా పరవదు. అనుమానం వచ్చి దిండు తిరగేశాను. కింది వైపు తెల్ల గలీబు మీద ఏదో మరక. కొత్త పచ్చబొట్టు ఒకటి రెండు రోజులు రంగు కక్కుతుంది, పైన అంటించిన పొర తీయొద్దని గుండు అమ్మాయి మరీ మరీ చెప్పింది. దురదగా ఉందని తీసేసి ఉంటుంది. మణికట్టు చెంప కింద పెట్టుకుని పడుకునే అలవాటొకటి. పాడు చేసి, నేను తిడతానని దిండు బోర్లా వేసి పోయింది. ఫోన్ చేసినప్పుడు నాలుగు మాటలు అనాలనుకుంటూ గలీబు ఊడదీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాను.

మరక కాదు. గుండ్రం మధ్యలో నాలుగు అక్షరాలు. 'అ' కొంచెం అలికింది. మిగతావి స్పష్టంగా ఉన్నాయి. సున్న పూడలేదు. రెండు 'ది'లూ కవలలే.

అందినది.

తిన్నగా పడింది. కోడలు కూడా చదవగలిగేటంత తిన్నగా.

మంచం మీద కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నట్టున్నాను.

ఆ ముద్ర పడిన దేని మీదైనా కింద తారీఖు ఉండాలి, అందుకున్నవాళ్ల పొట్టి సంతకం ఉండాలి. అవి లేకపోతే చెల్లదు. కోడలు కొలతలకు గుర్తులు పెట్టే చెరగని పెన్ను తెచ్చి, ముద్ర కింద ఇవాళ్టి తారీఖు వేసి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఆరాక మడిచి నా బీరువాలో నా చీరల కింద పెట్టాను.

సాయంత్రం కోడలు ఉతికిన బట్టలు మడతపెడుతూ పిలిచింది.

"అత్తయ్యా, దిండు గలీబులు ఆరుండాలి. ఐదే ఉన్నాయి."

ఐదే అని రాసుకోమన్నాను.